కాటా పట్టిన చెయ్యి, అప్పిచ్చిన చెయ్యి ఒకటైతే...
(మన్యం నుంచి కొల్లేరు దాకా మన అప్పుల చరిత్ర)



ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవానికి తెచ్చుకునే సావనీర్లలో కొమ్ము కోయ నృత్యం గురించి, విత్తనాల పండగ గురించి, తెల్లదొరల మీద తిరగబడిన పెద్దల గురించి రాసుకుంటుంటాం. రాసుకోవాలి కూడా. ఈసారి మాత్రం పండగ రోజున ఎవరూ ఎత్తని మాట ఒకటి ఎత్తుతున్నాం. అది అప్పు.

ఎందుకంటే, మన తాతల చేతిలోంచి భూమి పోయింది ఎక్కువగా తుపాకీ వల్ల కాదు. కాగితం వల్ల పోయింది. గింజలకని, జబ్బుకని, పెళ్లికని తెచ్చుకున్న చిన్న అప్పు వల్ల పోయింది. ఎలా పోయిందో తెలియకపోతే మీ తరంలోనూ అలాగే పోతుంది.

మన సంఘంలో బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం వైపు కోయ, కొండరెడ్డి కుటుంబాలున్నాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల్లో ఎరుకల వాడలున్నాయి. కొల్లేరు గట్ల మీద యానాది కుటుంబాలున్నాయి. యాసలు వేరు, పనులు వేరు. నీళ్లు మాత్రం మనందరినీ కలుపుతాయి. మెట్ట మీద కురిసిన వాన తమ్మిలేరై ఏలూరు పక్కగా కొల్లేరులో కలుస్తుంది. జంగారెడ్డిగూడెం మీదుగా వచ్చే ఎర్రకాలువ తాడేపల్లిగూడెం వైపు పోయి యనమదుర్రు డ్రెయిన్‌లో పడుతుంది. మన సరుకూ ఆ దారినే పల్లానికి దిగింది. అప్పు మాత్రం పల్లం నుంచి పైకెక్కింది.

ఉప్పు మోసిన వాళ్లం

మధ్యవర్తి అనే మాట మొదటినుంచీ తిట్టు కాదు. ఒకప్పుడు ఆ పని మనవాళ్లే చేశారు. ఎరుకల పెద్దలు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు వేసుకుని సముద్రపు ఒడ్డు నుంచి లోపలి ఊళ్లకు, కొండ ఊళ్లకు పోయేవారు. అక్కడ ఉప్పు ఇచ్చి ధాన్యం, చింతపండు, వెదురు తెచ్చుకునేవారు. ఉప్పు ఎరుకల అన్న పేరు అలా వచ్చిందే. వాళ్లు సరుకుకు సరుకు మార్చారు. ఊరి భూమిని రాయించుకునే పని వాళ్లకు లేదు, అవసరమూ లేదు. ఈ ఏడు మోసం చేస్తే వచ్చే ఏడు అదే ఊరికి పోలేరు.

ఆంగ్లేయుల కాలంలో ఉప్పు సర్కారు గుత్తాధిపత్యం కిందికి పోయింది. తర్వాత రైలు వచ్చింది. 1890లలో బెజవాడ, ఏలూరు, రాజమండ్రి రైలు దారిలో కలిశాయి. వంద గాడిదలు మోసే ఉప్పును ఒక్క వ్యాగను మోసింది. తరతరాల వ్యాపారం కొద్ది ఏళ్లలో కూలిపోయింది. బతుకు పోయి తిరుగుతున్న వాళ్ల మీద దొంగలనే ముద్ర వేశారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. ఆ చట్టం 1952లో గానీ రద్దు కాలేదు. వ్యాపారి కాస్తా నేరస్థుడైన కథ ఇది. ఆ ఖాళీలోకి వచ్చినవాడు వేరు. సరుకుతో పాటు అప్పు పుస్తకం కూడా తెచ్చుకున్నాడు.

కొండ కింద కోర్టు

1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. డెల్టాలో వరి పండింది, డబ్బు తిరిగింది. ఆ డబ్బులో కొంత వడ్డీ వెతుక్కుంటూ మెట్టకు, మన్యానికి ఎక్కింది. వ్యాపారి సంతలో ఉప్పు, బట్ట, పొగాకు అప్పుగా ఇచ్చేవాడు. పంట వచ్చాక గింజ రూపంలో, చింతపండు రూపంలో తీసుకునేవాడు. ఎంత ఇచ్చాడో ఆయనే రాసుకునేవాడు. ఎంత వచ్చిందో ఆయనే కొలిచేవాడు. ధర ఆయనే చెప్పేవాడు. మన తాత చేసే పని ఒకటే, వేలిముద్ర వేయడం.

అప్పు తీరలేదని వ్యాపారి దిగువన ఉన్న కోర్టుకు పోయేవాడు. సమను కొండ మీదికి చేరేసరికి వాయిదా దాటిపోయేది. చేరినా చదివేవాళ్లు లేరు. ప్రతివాది రాలేదు కనుక డిక్రీ వ్యాపారికే వచ్చేది. ఆ డిక్రీ పట్టుకొచ్చి గొడ్లు, గింజలు జప్తు చేసేవారు. 1879లో గోదావరి అవతల రంప తిరుగుబాటు లేచినప్పుడు కారణాలు వెతికిన ఆంగ్లేయ అధికారులకు ఈ సంగతీ తెలిసింది. కల్లు మీద పన్ను, మన్సబుదారు జులుం, పోలీసుల దౌర్జన్యం ఒక పక్కనైతే, దిగువ దేశపు వ్యాపారులు కోర్టు డిక్రీలతో గిరిజనుల సొత్తు ఊడ్చుకుపోవడం ఇంకో పక్క అని తేలింది.

గమనించండి. రంపలో లేచిన కోపం పన్ను మీద మాత్రమే కాదు, అప్పు లెక్క మీద కూడా. ఈ మాట మన వీరగాథల్లో పెద్దగా వినపడదు.

నూటికి 2 రూపాయలు

ఆ తర్వాత దాదాపు 40 ఏళ్లకు, 1917లో, మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం చేసింది. గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీలకు అది వర్తించింది. మన పోలవరం కొండలూ అందులోవే. చట్టం పేరులోనే భూమి కంటే ముందు వడ్డీ ఉంది, చూడండి. కొండ తెగల మనిషి భూమిని ఇతరులకు బదిలీ చేయాలంటే అధికారి అనుమతి ఉండాలి, లేకపోతే చెల్లదు. కొండ తెగల మనిషి మీద ఏడాదికి నూటికి 24 రూపాయలకు మించి వడ్డీ ఒప్పుకోరాదు. చక్రవడ్డీ చెల్లదు. వడ్డీ మొత్తం అసలును మించరాదు.

ఏడాదికి 24 అంటే మన ఊరి లెక్కలో నూటికి నెలకు 2 రూపాయలు. వందేళ్ల కిందట సర్కారు గీసిన హద్దు అది. ఈ రోజు మీ ఊళ్లో అవసరానికి అప్పు ఏ వడ్డీకి దొరుకుతోందో మీ అమ్మను అడగండి. నూటికి 3, 5 అంటే ఆ పాత హద్దు దాటి ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక చట్టాలు గట్టిపడ్డాయి. 1959లో 1వ నంబరు భూబదిలీ రెగ్యులేషన్ వచ్చింది. 1960లో షెడ్యూల్డ్ ప్రాంతాల వడ్డీ వ్యాపారుల రెగ్యులేషన్, షెడ్యూల్డ్ తెగల రుణ విముక్తి రెగ్యులేషన్ వచ్చాయి. 1970లో 1వ నంబరు సవరణతో ఏజెన్సీలో గిరిజనేతరులు ఒకరికొకరు భూమి అమ్ముకోవడాన్ని కూడా ఆపేశారు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ పట్టుకున్నవాడే. 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది. అప్పు కింద మనిషినే కట్టేసుకునే పాలేరుతనాన్ని 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నేరం చేసింది.

మరి ఇన్ని చట్టాలుండగా భూమి ఎందుకు పోయింది?

కొనడానికి వీల్లేదన్నారు కనుక కొనలేదు. "అప్పు తీరేదాకా నేను దున్నుకుంటాలే" అన్నారు. అప్పు తీరలేదు, దున్నడం ఆగలేదు. పట్టా మన పేరున, పంట వేరే వాళ్ల ఇంట. కొన్ని చోట్ల పాలేరు పేరు మీద, తెలిసిన గిరిజనుడి పేరు మీద కాగితాలు పుట్టాయి. లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం కూడదన్నారు కనుక నోటు రాయడం మానేశారు, లేదా ఖాళీ నోటు మీద సంతకం తీసుకున్నారు. రాత లేని అప్పు గురించి ఏ అధికారి దగ్గర వాదిస్తాం?

1990ల రెండో సగంలో మన పశ్చిమ ఏజెన్సీలో కోయలు తమ భూములు తమకు కావాలని పెద్ద ఎత్తున లేచారు. పొలాల్లో దిగారు, కేసులు మోశారు, జైళ్లకు పోయారు. ఆ రోజుల్లో నడిచినవాళ్లు ఇప్పటికీ మన ఊళ్లలో ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని ఒక్కో చెక్క ఎలా చేతులు మారిందో అడగండి. చాలా కథలు ఒక చిన్న అప్పు దగ్గరే మొదలవుతాయి.

తాడేపల్లిగూడెం యార్డు చెప్పే పాఠం

ఇది మన ఒక్కరి గోడు అనుకోకండి. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌కు పొద్దున్నే పోయి చూడండి. కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీలు వచ్చి ఉంటాయి. వందల కిలోమీటర్లు వచ్చిన రైతుకు పాటలో పలికిన ధర నచ్చకపోతే ఏం చేస్తాడు? ఉల్లిని మళ్లీ లారీకెత్తి ఇంటికి తీసుకుపోలేడు. దార్లో కుళ్లిపోతుంది, కిరాయి మీద పడుతుంది. సరుకు యార్డులో దిగిన క్షణం నుంచి బేరం కొనేవాడి వైపే వాలుతుంది. ఆ రైతు పెట్టుబడికి ముందే అక్కడి వ్యాపారి దగ్గర డబ్బు తీసుకుని ఉంటే, ఇంకో దుకాణం వైపు చూడనుకూడా చూడలేడు.

నెత్తిన చింతపండు మూటతో సంతకు దిగిన మన అవ్వదీ ఇదే పరిస్థితి. మూట మళ్లీ కొండెక్కించలేదు. పొద్దు వాలితే వచ్చిన ధరకు ఇచ్చేస్తుంది.

ఒక లెక్క చేద్దాం. అంకెలు పాఠం కోసం వేసుకున్నవి, పద్ధతి మాత్రం ఊళ్లో మీరు చూసేదే. ఒక రైతు జూన్‌లో వ్యాపారి దగ్గర 20,000 రూపాయలు తీసుకున్నాడు. వడ్డీ నూటికి 3. ఆరు నెలలకు వడ్డీ 3,600. పంట 20 క్వింటాళ్లు వచ్చింది. బయట క్వింటాలు 2,000 పలుకుతుంటే అప్పిచ్చినాయన 1,900 కట్టాడు. అక్కడ 2,000 రూపాయలు పోయాయి. తేమ అని, మట్టి అని క్వింటాలుకు 2 కిలోలు తరుగు తీశాడు. 40 కిలోలు పోయాయి, ఆయన ధరకే లెక్కేసినా 760 రూపాయలు. మొత్తం 6,360. అంటే నూటికి 3 అనుకున్న వడ్డీ నిజానికి నూటికి 5 రూపాయలు దాటింది. నోటు మీద 3 మాత్రమే ఉంటుంది. మిగతాది ధరలో, కాటాలో కలిసిపోయి ఉంటుంది.

మనం అసలు నేర్చుకోవాల్సింది ఇదే. వడ్డీ ఒక్కటే మనల్ని ముంచదు. అప్పిచ్చేవాడు, కాటా పట్టేవాడు, ధర చెప్పేవాడు, లెక్క రాసేవాడు, నలుగురూ ఒక్కడే అయినప్పుడు మునుగుతాం. ఆ నాలుగు పనులు నాలుగు చేతుల్లో ఉంటే వ్యాపారి కూడా మామూలు వ్యాపారిలా ఉంటాడు.

మన చరిత్రలో మేలు చేసిన ఏర్పాట్లన్నీ ఈ నాలుగింటిని విడదీయడానికి పుట్టినవే. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అనేది, ఏర్పడింది. అటవీ సరుకు కొనడం, డిపోల్లో ఉప్పు, పప్పు అమ్మడం, అప్పు ఇవ్వడం దాని పనులు. సంతలో షావుకారుకు పోటీగా ఇంకో కాటా పెట్టడం దాని ఉద్దేశం. 1958 నుంచి కుంచాలు, వీశెల స్థానంలో మెట్రిక్ తూకాలు రావడం మొదలైంది. కొనేటప్పుడు ఒక కుంచం, అమ్మేటప్పుడు ఇంకో కుంచం వాడే వీలు అలా తగ్గింది. 1966 వ్యవసాయ మార్కెట్ల చట్టం యార్డుల్లో వ్యాపారికి లైసెన్సు పెట్టింది. 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలయ్యాయి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు మనకే ఇచ్చింది.

వ్యాపారి గురించి ఒక న్యాయమైన మాట కూడా చెప్పుకోవాలి. అర్ధరాత్రి బిడ్డకు జ్వరమొస్తే తలుపు తీసి 5,000 చేతిలో పెట్టేది ఆయనే. బ్యాంకు తొమ్మిదింటికి తీయదు, తీసినా పట్టాదారు పాసుపుస్తకం అడుగుతుంది. కౌలుకు చేసేవాళ్లకు అదీ ఉండదు. ఆయన ఇచ్చినంత తొందరగా ఇచ్చే చోటు ఇంకొకటి ఏర్పాటు చేసుకోనంత కాలం ఆయన్ను తిట్టి లాభం లేదు.

కొల్లేరులో అదే కథ

పల్లానికి దిగితే కొల్లేరులో భూమి బదులు నీళ్లు, వరి బదులు చేప. పద్ధతి అదే. 1970లలో సరస్సులో సహకార సంఘాలకు చేపల చెరువులకని స్థలాలిచ్చారు. చెరువు తవ్వాలంటే పెట్టుబడి కావాలి. పిల్ల కావాలి, మేత కావాలి, ఐసు కావాలి, కోల్‌కతా దాకా లారీ కావాలి. సభ్యుల దగ్గర అంత డబ్బు లేదు. డబ్బున్నవాళ్లు వచ్చి లీజు పేరుతో చెరువులు తీసుకున్నారు. సంఘం పేరు మిగిలింది, చెరువు బయటివాడి చేతిలోకి పోయింది. ఏజెన్సీలో పట్టా మన పేరున ఉండి పంట వేరేవాళ్లకు పోయినట్టే.

1999లో ప్రభుత్వం జీవో 120తో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్సర్ జాబితాలో చేరింది. 2006లో చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సు బతకాలి, దాంట్లో రెండో మాట లేదు. కానీ గట్టు తెగిన రోజున లీజుకు తీసుకున్న పెద్దమనిషికి వేరే ఊళ్లో వేరే చెరువుంది. గట్టు మీద గుడిసె వేసుకుని కాపలా కాసినవాళ్లకు, వలలాగిన కూలీలకు మిగిలింది తీసుకున్న అడ్వాన్సు బాకీ.

చేపల చెరువుల మీద యానాది కుటుంబాల బతుకు గురించి వేరే చెప్పాలి. ముందు కొంత డబ్బు ఇస్తారు. అది తీరేదాకా కాపలా కాయాలి. జీతం ఆ బాకీలో జమ అవుతుంది, మధ్యలో జబ్బుకు తీసుకున్నది మళ్లీ కలుస్తుంది. ఎంత జమ అయిందో యజమాని పుస్తకంలోనే ఉంటుంది. కొండ మీద తాతకు, గట్టు మీద తమ్ముడికి మధ్య నూరేళ్ల దూరం ఉంది. పుస్తకం మాత్రం ఇంకా అవతలివాడి దగ్గరే ఉంది.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది

మీరు చదువుకున్నారు. తాతలకు లేనిది మీకున్నది అదే. అందుకే ఈ సావనీరు ద్వారా మిమ్మల్ని కొన్ని పనులు అడుగుతున్నాం.

మొదటిది, ఇంట్లో ఒక పుస్తకం పెట్టండి. ఎవరి దగ్గర ఎంత, ఏ తేదీన, ఏ వడ్డీకి, ఎంత కట్టాం, మీరే రాయండి. అప్పిచ్చినాయన సంతకం అడగండి. ఇవ్వనంటే ఇద్దరు సాక్షుల పేర్లు రాసుకోండి. ఖాళీ నోటు మీద అమ్మానాన్నలను సంతకం పెట్టనివ్వకండి.

రెండోది, సరుకు కాటాకు పోయేముందు ఇంటి దగ్గర ఒకసారి తూచండి. ఊరికి ఒక కాటా అందరూ కలిసి కొనుక్కున్నా సరే. ఆ రోజు యార్డు ధర ఫోన్‌లో చూడండి. బేరం అక్కడే సగం మారుతుంది.

మూడోది, నలుగురు కలిసి అమ్మండి. ఒక్కో మూట పోతే ధర కొనేవాడు చెబుతాడు. ఒక ఆటో నిండా సరుకు పోతే ఇంకో దుకాణం కూడా అడుగుతాడు. మహిళా సంఘాల్లో మన అక్కలు పొదుపు ఎలా నడుపుతున్నారో చూడండి. వైద్యానికి, విత్తనానికి అందులోనే కొంత విడిగా ఉంచుకుంటే అర్ధరాత్రి తట్టే తలుపు మన వీధిలోనే ఉంటుంది.

నాలుగోది, ఏజెన్సీ భూమిని అప్పు కింద దున్నుకోమని ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే కోట రామచంద్రపురం ఐటీడీఏ కార్యాలయానికి పోయి 1970 చట్టం కింద ఏం చేయాలో అడగండి. కేసు వేయడానికి భయపడే పెద్దవాళ్ల వెంట మీరు వెళ్లండి.

ఐదోది, ఫోన్‌లో వచ్చే అప్పు యాప్‌ల సంగతి. అక్కడ షావుకారు మొహం కనపడదు, అంతే తేడా. చేతికి ఎంత వచ్చింది, ఎన్ని రోజులకు ఎంత కట్టాలి, ఈ రెండూ కాగితం మీద వేసి నెలకు నూటికి ఎంత పడుతుందో తీయండి. పైన చేసిన లెక్కే. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వారం వారం వాయిదాలు ఊళ్లను ఎంత ఏడిపించాయో, ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిందో పెద్దవాళ్లకు గుర్తుంది.

పోలవరం ముంపు ఊళ్ల నుంచి కాలనీలకు వచ్చిన తమ్ముళ్లకు ఇంకో మాట. పరిహారం డబ్బు ఒక్కసారే వస్తుంది, భూమిలా ఏటా పండదు. డబ్బు వచ్చిన వారం ఇంటి ముందు నిలబడే బళ్లను, స్థలాలు చూపిస్తామనేవాళ్లను చూసి తొందరపడకండి. పాత బాకీ ఉందంటూ ఎవరైనా వస్తే రాత చూపించమనండి.

తాతలు ధైర్యం లేక ఓడిపోలేదు. లెక్క అవతలివాడి భాషలో, అవతలివాడి పుస్తకంలో ఉండడం వల్ల ఓడిపోయారు. ఈ ఏడాది మన సంఘంలోని ప్రతి కుటుంబంలో ఒక పిల్లాడో పిల్లో ఇంటి అప్పుల పుస్తకం రాయడం మొదలుపెట్టాలని కోరుతున్నాం. రాసినది వచ్చే ఆగస్టు 9న వేదిక ఎక్కి చదవక్కర్లేదు. అమ్మకు చదివి వినిపిస్తే చాలు.

జోహార్.